సెవెన్ సెవెన్ జా: ఒక భాషా సమస్య

పోయిన నెల ఇందుకూరుపేట వైపు మా బావ రొయ్యల గుంట పట్టారు. వైరస్ భయంతో ముందుగానే పట్టేశారు. కొనడానికొచ్చినాయన కిలో రొయ్యలు తూచి, పట్టా మీద పోసి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి "నూరు" అన్నాడు. బావ మొహం మాడిపోయింది. పక్కనే నిలబడ్డ మా మేనల్లుడు మాత్రం ఎగిరి గంతేశాడు. "మామా, నూరొచ్చింది!"

వాణ్ణి తప్పుపట్టలేం. పదో తరగతి లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాడు. నూరంటే వాడికి ఫ్లెక్సీ మీద ఫొటో. రొయ్యల దగ్గర కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగాయని. ముప్పై కౌంట్ అంటే ఒక్కోటి 33 గ్రాముల పైమాట. నూరు కౌంట్ అంటే పదే గ్రాములు. అంకె ఎన్ని రెట్లు పెరిగితే ఒక్కో రొయ్య బరువు అన్ని రెట్లు తగ్గుతుంది, దాంతోపాటే రేటూ పడిపోతుంది. అంకెకీ బరువుకీ ఉన్న ఈ లంకె పేరు విలోమానుపాతం అని మావాడికి తెలుసు, పరీక్షలో నిర్వచనం తప్పుల్లేకుండా రాశాడు కూడా. గుంట గట్టు మీద అదే ఎదురొస్తే గుర్తుపట్టలేదు, అంతే.

ఎంతో ఆలోచించి నేను తేల్చిందేమిటంటే, ఇది చదువు సమస్య కానే కాదు, భాషా సమస్య. లెక్కలు ఒక భాష. దానికీ అక్షరాలున్నాయి, వ్యాకరణం ఉంది. ఆ భాషలో మనకు మార్కులు వస్తున్నాయి కానీ మాట రావడం లేదు. ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణమిచ్చిన పొట్టి శ్రీరాములు గారి పేరు పెట్టుకున్న జిల్లాలో ఒక భాషకి ఇంత అన్యాయం జరుగుతుంటే ఊరుకోవడం నా వల్ల కాలేదు.

భాషలు పట్టుబడని గడ్డ కాదు ఇది. పదిహేను పర్వాల భారతాన్ని తెనిగించిన తిక్కన మనవాడు. ఆయనకంటే ముందే, 11వ శతాబ్దంలో, పావులూరి మల్లన మహావీరాచార్యుడి 'గణితసారసంగ్రహా'న్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. లెక్కల పుస్తకం, అదీ పద్యాల్లో! ఆయన ఇంటిపేరులోని ఊరు ఇంకొల్లు దగ్గరున్న పావులూరేనని అనేవాళ్లున్నారు. మొన్న మొన్నటిదాకా అది ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల. ఆ భాగహారం ఎలా చేశారో మాత్రం నన్నడగొద్దు.

అలాంటి చోట ఇప్పుడు సాయంత్రం అయిదైతే ట్యూషన్ కిటికీల్లోంచి "సెవెన్ సెవెన్ జా ఫార్టీనైన్" అని వినపడుతోంది. ఈ "జా" ఏమిటని ముగ్గురు పిల్లల్ని, ఇద్దరు తల్లుల్ని, ఒక ట్యూషన్ మేడమ్‌ని విచారించాను. పిల్లలు అది ఇంటూ అన్నారు. తల్లులు రాగం కోసమన్నారు. మేడమ్ నన్ను అనుమానంగా చూసి తలుపేసుకుంది. చివరికి నా సొంత దర్యాప్తులో తేలింది: "సెవెన్ సెవెన్స్ ఆర్ ఫార్టీనైన్" అనాల్సింది నలిగి నలిగి "జా" అయింది. ఆ వాక్యం మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క క్రియాపదాన్ని మనం తాళానికి వాడేసుకున్నాం. మేం చదువుకున్నప్పుడు "రెండు రెళ్ల నాలుగు, రెండు మూళ్ల ఆరు" అనేవాళ్లం. రెళ్లంటే రెండులు, మూళ్లంటే మూడులు. అర్థం మాటలోనే ఉండేది. మేమూ అర్థం కాకుండానే బట్టీపట్టామనుకోండి, అది వేరే సంగతి.

సమానం గుర్తు సంగతి మరీ ఘోరం. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ ఆయన "దీనికి ఇది సమానం" అని మాటిమాటికీ రాయలేక విసిగి, ఒకే పొడవున్న రెండు గీతలు అడ్డంగా గీశాడు. రెండు సమాంతర రేఖల కంటే సమానమైనవి ఇంకేముంటాయని ఆయన వాదన. అంటే అది తక్కెడ. అటూ ఇటూ తూగాలి. మావాడి నోటుబుక్కు తెరిస్తే ఇలా ఉంది:

12 + 8 = 20 × 3 = 60 − 5 = 55

మొదటి సమానం దగ్గరే ఇరవైకీ అరవైకీ పెళ్లి చేసేశాడు. అదేమంటే "జవాబు కరెక్టే కదా మామా" అన్నాడు. వాడి దృష్టిలో ఆ గుర్తుకి "తర్వాత", "కాబట్టి", "హమ్మయ్య" అని మూడు అర్థాలున్నాయి. రికార్డ్ చెప్పిన అర్థం మాత్రం లేదు. మా వీధి పచారీ కొట్టాయన అయిదో తరగతి తప్పాడు. పొట్లం కాయితం మీద వరసగా వేసి, గీత కొట్టి, కింద మొత్తం రాస్తాడు. ఒక్క సమానం గుర్తూ ఉండదు, ఒక్క అబద్ధమూ ఉండదు. స్థలాల బ్రోకరు సరేసరి. నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, తిరుపతికి పోతే 36. ఆయన రెండు మాండలికాలూ తడుముకోకుండా మాట్లాడతాడు.

ఆ రాత్రి బావ దిగులుగా ఉంటే ఓదార్చే బాధ్యత నా మీద పడింది. బ్రహ్మగుప్తుడి గురించి చెప్పాను. 628లోనే ఆయన సున్నా కంటే ఎక్కువైనదాన్ని ధనమనీ, తక్కువైనదాన్ని ఋణమనీ పిలిచి సూత్రాలు రాశాడు. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం.

"బ్యాంకులో ఒకటుంది, మేత షాపులో ఒకటుంది. రెండు మైనస్సులూ పక్కపక్కనే ఉన్నాయి. ఏవీ, ప్లస్ కాలేదే?" అన్నాడు బావ.

"పక్కపక్కన పెడితే కూడిక బావా. అది ఇంకా పెద్ద మైనస్సవుతుంది. గుణించడం వేరు. మూడు వేల అప్పు నోటు అంటే మైనస్ మూడు వేలు. అలాంటివి రెండు నీ నెత్తిన పెడితే ఆరువేలు పోయినట్టు. నీ దగ్గరున్న రెండు నోట్లు లాక్కుని చించేశారనుకో, ఆరువేలు వచ్చినట్టేగా? అప్పు ఒక మైనస్, దాన్ని తీసెయ్యడం ఇంకో మైనస్."

బావ కాసేపు పైకప్పు వైపు చూశాడు. "అంటే రుణమాఫీ."

చిన్నప్పుడు ఇదెందుకని అడిగినందుకు నాచేత గోడకుర్చీ వేయించారు. బావకి అరనిమిషంలో అర్థమైంది. భాష వచ్చినవాడు.

పొద్దున్నే మేత షాపు కుర్రాడు చీటీ పట్టుకొచ్చాడు. బావ సంతకం పెట్టి, పెన్ను మూత బిగిస్తూ నా వైపు తిరిగాడు. "ఏరా బామ్మర్దీ, నా వంతు మైనస్ నేను రెడీ చేసి పెట్టా. రెండోదానికి ఎలక్షన్లు ఇంకా ఎన్నేళ్లున్నాయి?"