భీముడి కడుపు, రామ్మూర్తి లెక్క

(రాజమండ్రి. ఉదయం ఆరు. వరండా నిండా ఫినాయిల్ వాసన. మూల గోనెపట్టా మీద పద్నాలుగు నెలల లాబ్రడార్ భీముడు, ఏ పాపం ఎరగనట్టు తోకాడిస్తున్నాడు.)

అనసూయ: రాత్రి నుంచి వీడి విరేచనాలు తుడుస్తూనే ఉన్నాను. నిజం చెప్పండి, వాడికేం పెట్టారు?

రామ్మూర్తి: డాక్టరుగారు చెప్పిందే. ఏడాది దాటింది, పప్పీ ఫుడ్ మాని అడల్ట్ ఫుడ్‌లోకి మార్చమన్నారుగా. మార్చేశాను.

అనసూయ: పాతదాంట్లో కలిపే పెట్టారా?

రామ్మూర్తి: కలపడమెందుకే? పాత బస్తాలో మిగిలింది వాచ్‌మన్ కుక్కకి పోసేశాను. పుణ్యం.

అనసూయ: పుణ్యం మీకు, పాపం నా వరండాకి.

రామ్మూర్తి: రెండూ గింజలే, రెండూ చికెనే. తేడా ఏముంది?

అనసూయ: కొవ్వు వేరు, పీచు వేరు. వాడి పేగుల్లో బాక్టీరియా పాత తిండికి అలవాటుపడి ఉంది. ఉన్నపళాన మారిస్తే అరగనిదంతా పేగులో నిలిచి నీళ్ళు లాక్కుంటుంది. ఆ నీళ్ళే నేను తుడుస్తున్నది.

రామ్మూర్తి: కొలతలో మాత్రం నన్ననకు. అదే స్టీలు గ్లాసు, తలకొట్టి పోశాను.

అనసూయ: (కాటా మీద గ్లాసు పెట్టి) కళ్ళజోడు పెట్టుకుని చూడండి. ఈ గ్లాసుకి పాతది 180 గ్రాములు పట్టేది. కొత్తది 230. గింజ చిన్నది కదా, ఒత్తుగా కూర్చుంటుంది.

రామ్మూర్తి: అంటే పూటకి యాభై గ్రాములు ఎక్కువ పడిందన్నమాట.

అనసూయ: మేత మారడం ఒకటి, మోతాదు పెరగడం ఇంకొకటి. అతిగా తిన్నా ఇదే గతి. గ్లాసు పక్కన పెట్టి, బస్తా వెనక కుక్క బరువుని బట్టి వేసిన పట్టిక చూడండి. మనవాడు 28 కిలోలు. రోజుకి 360 గ్రాములు, రెండు పూటలు.

రామ్మూర్తి: సరేలే. లంఖణం పరమౌషధం. రెండ్రోజులు కడుపు మాడ్చేద్దాం.

అనసూయ: ఎదిగిన కుక్క కాబట్టి ఒక్క పూట మానిపిస్తే ఫర్వాలేదు, అంతే. నీళ్ళు మాత్రం ఆపకూడదు. అదే కూన అయితే ఆ పూటా మాన్పించకూడదు. టీకాలు పూర్తికాని కూనకి విరేచనాలైతే పార్వో అనే ప్రాణాంతక వైరస్ భయం, ఆ రోజే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

రామ్మూర్తి: పోనీ అన్నంలో కాస్త నెయ్యేసి, మెత్తగా...

అనసూయ: నెయ్యా! కొవ్వు పడితే ఇంకా ఎక్కువవుతుంది. క్లోమం వాచిందంటే సెలైన్లే. పాలూ వద్దు, పెద్దయ్యాక చాలా కుక్కలకి అరగవు.

రామ్మూర్తి: నా డబ్బాలో విరేచనాలు కట్టే బిళ్ళ ఉంది. సగం వేస్తే?

అనసూయ: మన బిళ్ళలు డాక్టరు చెప్పకుండా కుక్కకి వెయ్యకూడదు. కోలీ లాంటి జాతులకి ఆ బిళ్ళ మెదడుకి ఎక్కేస్తుంది.

రామ్మూర్తి: వీడు కోలీ కాదుగా.

అనసూయ: మీరు డాక్టరూ కాదుగా. ఇలా రండి, వాడి పై పెదవి ఎత్తండి. చిగురు తడిగా ఉందా, వేలికి జిగటగా అంటుకుంటోందా?

రామ్మూర్తి: తడిగానే ఉంది. గులాబీ రంగు. అబ్బా, మొహమంతా నాకేస్తున్నాడే!

అనసూయ: వేలితో నొక్కి వదలండి. తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్ళీ రంగొచ్చిందా? వచ్చింది. ఇప్పుడు మెడ మీద తోలు పట్టి లాగి వదలండి. టక్కున పడింది. ఒంట్లో నీరు ఉంది. వాంతులు, రక్తం, తారులా నల్లటి విరేచనం, నీరసం, వీటిలో ఏ ఒక్కటున్నా వంట మానేసి వీణ్ని ఆటో ఎక్కించేదాన్ని. అవేవీ లేకపోయినా రెండ్రోజుల్లో తగ్గకపోతే వెళ్ళాల్సిందే.

రామ్మూర్తి: వంటేమిటి?

అనసూయ: తోలు, ఎముక లేని చికెన్ ఉడకబెట్టి, పైన తేలిన కొవ్వు తీసేసి, చిదమాలి. అది ఒక వంతు, మెత్తటి అన్నం రెండు వంతులు. ఉప్పు, నూనె, అల్లంవెల్లుల్లి ఏదీ తగలకూడదు. కొంచెం కొంచెంగా రోజుకి నాలుగుసార్లు. మీరెళ్ళి గుమ్మడికాయ పట్రండి. ఉడికించి పూటకి రెండు పెద్ద చెంచాలు కలిపితే, ఆ పీచు నీటిని పట్టి ఉంచుతుంది.

(అరగంట తర్వాత.)

అనసూయ: ఇది బూడిద గుమ్మడికాయండీ!

రామ్మూర్తి: ఉత్త గుమ్మడికాయ అన్నావు. మంచి గుమ్మడి అన్నావా?

అనసూయ: గుమ్మానికి కట్టండి. మీ పుణ్యకార్యాలకి వాడి కడుపుకి దిష్టి తగిలింది.

రామ్మూర్తి: ఇంతకీ కొత్త బస్తా ఏం చెయ్యను? పన్నెండు కిలోలు!

అనసూయ: మూత బిగించండి. విరేచనం గట్టిపడ్డాక ఒకరోజు సగం అన్నం, సగం పాత మేత. మర్నాడు పూర్తిగా పాతది. అప్పుడు మొదలెడదాం. రెండ్రోజులు పావు వంతు కొత్తది, రెండ్రోజులు సగం, రెండ్రోజులు ముప్పావు, ఏడో రోజు నుంచి అంతా కొత్తదే. మధ్యలో వదులైతే వెనకటి మెట్టుకి దిగి, గట్టిపడేదాకా అక్కడే ఆగాలి. కడుపు సున్నితమైన కుక్కలకి రెండు వారాలైనా పడుతుంది.

రామ్మూర్తి: (ట్రెజరీలో ముప్పైయేళ్ళు చేసినాయన, కేలండర్ వెనక లెక్క వేస్తూ) పావు దగ్గర పూటకి కొత్తది 45, పాతది 135. సగం దగ్గర చెరో 90. ముప్పావు దగ్గర కొత్తది 135, పాతది 45. ఆరు రోజులకి పాతది కిలో 80 గ్రాములు. ముందు రెండ్రోజులది 540. మొత్తం కిలో 620. కిలో ప్యాకెట్లు రెండు కొనాలి. దండగ!

అనసూయ: దండగ అనుకుంటే వాచ్‌మన్ కుక్కని అప్పడగండి. అన్నట్టు, సాయంత్రం పెసరట్టు తింటూ వాడికి ముక్కలు వేస్తున్నారా?

రామ్మూర్తి: ఉల్లిపాయలు ఏరేసే వేస్తున్నా.

అనసూయ: ఏరినా రసం అట్టులో దిగిపోదూ! ఉల్లి కుక్కల ఎర్రకణాలనే పగలగొడుతుంది. ఈ పదిరోజులూ అట్టు లేదు, బిస్కెట్ లేదు. లేకపోతే ఏది పడలేదో ఎలా తెలుస్తుంది?

రామ్మూర్తి: వాడికా, నాకా?

అనసూయ: ఇద్దరికీ. ముందు డాక్టరుగారికి ఆ విరేచనం ఫొటో పంపండి. జిగురుందో, ఏ రంగో చూసి చెప్తానన్నారు.

రామ్మూర్తి: ఎప్పుడో పంపాను. దగ్గరగా తీసి, మూడు ఫొటోలు.

అనసూయ: ఏమన్నారు మరి?

రామ్మూర్తి: (ఫోన్ దూరంగా పట్టుకుని) శుభోదయం అని పెట్టి, రెండు చేతులు జోడించారు.

అనసూయ: డాక్టరుగారా?

రామ్మూర్తి: కాదే... వియ్యంకుడుగారు.