తెర మీద కనిపించని ఊళ్ల కోసం ఆ నవలలు

ఓటీటీ పుణ్యమా అని విజయనగరం, శ్రీకాకుళం కుర్రకారుకు ‘సూపర్‌నేచురల్’ అనే అమెరికన్ టీవీ సిరీస్ కొత్త కాదు. 2005 సెప్టెంబరులో మొదలై 2020 నవంబరులో ముగిసిన ఆ సిరీస్, 15 సీజన్లలో, 327 ఎపిసోడ్లలో డీన్, శామ్ వించెస్టర్ అనే ఇద్దరు అన్నదమ్ములను 1967 నాటి నల్ల ఇంపాలా కారులో ఊరూరా తిప్పి, దెయ్యాలతో, భూతాలతో తలపడేలా చేసింది. దాని ఆధారంగా 2007 నుంచి వరుసగా నవలలు వచ్చాయన్న సంగతి మాత్రం చాలామంది అభిమానులకు తెలియదు, తెలిసినవాళ్లు కూడా చదివామని చెప్పుకోవడానికి మొహమాటపడతారు. ఇందుకు మన ప్రాంతంలో ఒక ప్రత్యేక కారణం ఉంది. కథకులు గురజాడ, చాసో, కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) నడిచిన నేల ఇది, తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని 1997లో కారా మాస్టారు కథానిలయం కట్టింది శ్రీకాకుళంలోనే. మామూలు మనుషుల బతుకును చెప్పేదే కథ అని నమ్మే పాఠకుల మధ్య, టీవీ నటుల బొమ్మ అట్ట మీద వేసుకుని వచ్చే హారర్ నవలకు గౌరవం దక్కకపోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఈ నవలల్లో మంచివాటికి ఆ కొలబద్దే సరిపోతుందని, ఆ కొలతకు అవి నిలబడతాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇలాంటి నవల రాసేవాడి చేతులు ముందే కట్టేసి ఉంటాయి. నాయకులు అతని సొత్తు కారు. వాళ్లను చంపడానికి గాని, మార్చడానికి గాని, వచ్చే ఎపిసోడ్‌కు అడ్డొచ్చే నిజం ఏదైనా వాళ్లకు తెలియజేయడానికి గాని అతనికి వీల్లేదు. రెండు ఎపిసోడ్ల మధ్య ఖాళీలో కథ మొదలుపెట్టి, చివరికి ఇద్దరినీ ఎక్కిన కారులోనే క్షేమంగా సాగనంపాలి. ప్రాణభయం లేనిదే హారర్ లేదు, కానీ డీన్ పదిహేనో సీజన్ దాకా తెర మీద ఉంటాడని పాఠకుడికి తెలుసు. అలాంటప్పుడు భయం ఎక్కడి నుంచి రావాలి? ఆ ఊళ్లో ఉండేవాళ్ల దగ్గర నుంచే రావాలి. నలభై నిమిషాల ఎపిసోడ్‌లో మొదటి మృతుడు టైటిల్ పడకముందే కనిపించి, ఒక్క కేక వేసి పోతాడు, అతని పేరు కూడా మనకు గుర్తుండదు. నవలకు ఆ తొందర లేదు. చనిపోబోయే మనిషి ఏ పని చేసుకుంటున్నాడో, ఎవరికోసం ఇంటికి వెళ్లాలనుకుంటున్నాడో చెప్పడానికి దానికి పేజీలున్నాయి. జెఫ్ మారియోట్ రాసిన ‘విచ్‌స్ కాన్యన్’లో గ్రాండ్ కాన్యన్ దగ్గరి ఒక చిన్న ఊరికి నలభై ఏళ్లకొకసారి వరుస హత్యలు తిరిగొస్తాయి. నలభై ఏళ్లంటే, క్రితంసారి పిల్లలుగా బతికి బయటపడినవాళ్లు ఇప్పుడు ముసలితనంలో అడుగుపెడుతుంటారు, మిగిలిన ఊరంతా మరిచిపోయి ఉంటుంది. ఆ మరుపే నన్ను దెయ్యం కంటే ఎక్కువ భయపెట్టింది.

రెండో సంగతి స్థలం. సిరీస్‌లో వారానికొక రాష్ట్రం పేరు తెర మీద పడుతుంది గాని, చిత్రీకరణ జరిగింది ప్రధానంగా కెనడాలోని వాంకూవర్ పరిసరాల్లో. అందుకే ఏ ఊరు చూపించినా అదే తడిసిన అడవి, అదే మబ్బు వెలుగు. నవలలకు ఆ ఇబ్బంది లేదు. కీత్ డికాండిడో ‘బోన్ కీ’లో కథను ఫ్లోరిడాలో రోడ్డు వెళ్లే చివరి ద్వీపమైన కీ వెస్ట్‌కు తీసుకెళ్లాడు. అంతకుముందు ‘నెవర్‌మోర్’లో తాను పుట్టి పెరిగిన న్యూయార్క్ బ్రాంక్స్‌నే రంగస్థలం చేసుకున్నాడు. భయానక కథలకు పేరుపడ్డ అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో తన చివరి సంవత్సరాలు గడిపిన కుటీరం ఇప్పటికీ బ్రాంక్స్‌లోనే ఉంది, నవలలో హత్యలు పో కథల దారిలోనే జరుగుతాయి. సొంత ఊరి వీధులు తెలిసిన రచయిత రాస్తే దెయ్యానికి కూడా చిరునామా ఉంటుంది. మన పల్లెల్లో దెయ్యం కథ చెప్పేవాళ్లు ఏ చింతచెట్టో, ఏ చెరువుగట్టో, ఏ కళ్లం పక్కనో ముందు చెప్పి, ఆ తర్వాతే కథలోకి వెళ్లడం ఊరికే కాదు.

ఈ కథల్లోని ఆయుధాలు కూడా మన పాఠకుడికి పరాయివి కావు. అన్నదమ్ములు గుమ్మానికి ఉప్పు పోస్తారు, దెయ్యాన్ని ఇనుముతో కొడతారు. ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసే ఇళ్లలో, బాలింత పక్కన ఇనుప ముక్క పెట్టే ఇళ్లలో పెరిగినవారికి ఇది చదవగానే ఏదో తెలిసిన చోటికి వచ్చినట్టు ఉంటుంది. ఆ దగ్గరతనంలో ఒక ప్రమాదం కూడా ఉందని ఇక్కడే చెప్పాలి. చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు ఉత్తరాంధ్రలో వార్తలుగా వచ్చాయి. కథలోని మంత్రగత్తె కథలోనే ఉండాలి, ఆమెను పొరుగింటి ఒంటరి ముసలమ్మలో వెతకకూడదు. హారర్ చదివే పిల్లలతో ఇంట్లో పెద్దలు ఈ మాట నేరుగా మాట్లాడాలని నా కోరిక. పుస్తకం లాక్కోవడం వల్ల ఆ పని జరగదు.

మార్చడానికి వీల్లేని పెద్దకథ పక్కన చిన్నకథ అల్లడం మనకు ఎప్పటి నుంచో అలవాటు. రామాయణాన్ని మార్చకుండానే మన ఆడవాళ్లు ఊర్మిళాదేవి నిద్ర పాడుకున్నారు. వనవాసమూ యుద్ధమూ అయ్యాక లక్ష్మణుడు వచ్చి లేపితే, ఊర్మిళ అతన్ని గుర్తుపట్టక ఎవరో పరపురుషుడని భయపడి నిలదీస్తుంది. పాట ముగిసేసరికి పెద్దకథలో ఒక్క అక్షరం మారదు, కానీ వినేవారికి ఊర్మిళ మనసు తెలుస్తుంది. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు చనిపోవడాన్ని ఎవరూ మార్చలేరు. ఆ రాజు చెల్లెలి కన్నీటిని మాత్రం విజయనగరం జనం తమ కథలో నిలుపుకుని, ఆమెను పైడితల్లి అమ్మవారిగా కొలుచుకుంటున్నారు. భక్తిని వినోదంతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. పెద్దల యుద్ధంలో పక్కకు జరిగిపోయిన మనిషి వైపు తిరిగే చూపు గురించే చెబుతున్నాను.

తెలుగులో హారర్ ప్రయాణం దీనికి ఎదురుదిశలో సాగింది. యండమూరి ‘తులసిదళం’ కాలంలో భయం ముందు వారపత్రిక సీరియల్‌గా ఇంటికొచ్చేది, తెర ఆ తర్వాతి మాట. తెర నుంచి పేజీకి వచ్చే దారి మనకు దాదాపు లేదు. ఆ దారిలో వచ్చినదంతా గొప్పదని కూడా నేను అనను. 2009లో ‘సూపర్‌నేచురల్’ తన నాలుగో సీజన్‌లో, అన్నదమ్ములకు తమ జీవితమే చౌక నవలల వరుసగా ఎదురుపడినట్టు చూపించి, ఈ రకం పుస్తకాల మీద తానే నవ్వుకుంది. ఆ నవ్వుకు తగిన పుస్తకాలూ ఉన్నాయి. డీన్ ఊతపదాలను, పాత పాటల ప్రస్తావనలను పేజీకొకటి చొప్పున అతికించి పాత్రను పట్టుకున్నామనుకునే నవలలు అవి. నటుడి గొంతు లేకుండా ఆ మాటలు పేలవంగా ఉంటాయి. రెబెకా డెసెర్టైన్ ‘వన్ ఇయర్ గాన్’ ఐదో, ఆరో సీజన్ల మధ్య ఏడాదిని తీసుకుని, నరకంలో ఉన్నాడనుకున్న శామ్‌ను వెనక్కి తెచ్చుకోవడానికి డీన్ చేసే ప్రయత్నాన్ని చెబుతుంది. ఆ ప్రయత్నం ఫలించదని సిరీస్ చూసినవారికి ముందే తెలుసు, కథ అంతా నాయకుడి కోరిక మీదే నడవడం వల్ల పట్టు సడలింది. సిరీస్ తొలి సీజన్లు చూసి ఉన్నవారు ముందు ‘విచ్‌స్ కాన్యన్’ చదివి, ఆ తర్వాత ‘నెవర్‌మోర్’కు వెళ్తే మేలు. ‘వన్ ఇయర్ గాన్’ ఆరో సీజన్ పూర్తిచేశాక, డీన్ మీద ఇష్టం కొద్దీ చదువుకోవచ్చు.