511 విజయాలు సరే, పెడ్రో మాటేమిటి?

బేస్‌బాల్‌లో అత్యుత్తమ పిచర్ (బంతి విసిరే ఆటగాడు) ఎవరన్న మీ వ్యాసంలో, 511 విజయాలు ఉన్నాయి కాబట్టి పాతకాలపు సై యంగ్‌దే అగ్రస్థానమని తేల్చేశారు. ఆ కాలంలో పిచర్ మొదలుపెట్టిన ఆటను చాలావరకు తానే ముగించేవాడు, హోమ్ రన్లు (బంతిని మైదానం అవతలికి కొట్టడం) అరుదు. ఆ అంకెను నేటి వారితో పోల్చడంలో అర్థం లేదు. ఎవరినైనా వారి కాలంలోని వారితోనే తూచాలి.

అలా తూచితే నా ఓటు పెడ్రో మార్టినెజ్‌కే. 2000లో, మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్) రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో బ్యాటర్లు బంతిని చితకబాదుతుంటే, ఫీల్డర్ల తప్పిదాలు పోగా అతను తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చింది 1.74 రన్లు. లీగ్‌లో రెండో స్థానంలో ఉన్న రోజర్ క్లెమెన్స్‌ది 3.70! పెడ్రో ఛేంజప్ అనే బంతిని చూడండి: చేయి వేగంలో తేడా ఉండదు, బంతి మాత్రం నింపాదిగా వస్తుంది. అప్పటికే బ్యాటు గాలిని కోసేసి ఉంటుంది.

మరో పిచర్ బాబ్ గిబ్సన్ 1968లో అదే సగటును 1.12తో ముగించాడు, కాదనను. అయితే ఆ ఏడాది పిచర్లందరిదీ పైచేయే. అందుకే మరుసటి ఏడాది పిచర్ నిలబడి బంతి విసిరే దిబ్బ ఎత్తును 15 నుంచి 10 అంగుళాలకు తగ్గించారు.

ఇంతకీ మీ వ్యాసంలో పిచర్ సాచెల్ పేజ్ పేరే లేదేమిటి? నల్లజాతివాడు కాబట్టి 42 ఏళ్లు వచ్చేదాకా మేజర్ లీగ్ గడప తొక్కనివ్వలేదు. మరి ఆయన విజయాలను ఏ పట్టికలో వెతకమంటారు?