పేపరు చదివేదాకా షేరు ధర ఆగాల్సిందే

తిరుపతి గాంధీ రోడ్డు టీ అంగళ్ల తరఫున స్టాక్ మార్కెట్ మీద ఒక అభ్యంతరం. ఫలానా కంపెనీకి పెద్ద ఆర్డరు దొరికిందని పేపర్లో చదివి, గ్లాసు కింద పెట్టి, ఫోను తీసేలోపే ధర ఎగిరిపోయి ఉంటోంది. పాఠకుడికిచ్చే మర్యాద ఇదేనా?

మార్కెట్‌కు తొందరెక్కువ. బోర్డు మీటింగ్ ముగిసిన 30 నిమిషాల్లో, అదీ మార్కెట్ మూసేశాక ముగిస్తే 3 గంటల్లో, నిర్ణయాలు ఎక్స్ఛేంజీకి చెప్పాలని మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన. రాత్రి 7కి వార్త బయటపడిందనుకోండి. షేరు ఆ రోజు 500 దగ్గర మూసింది. మర్నాడు 9కి ప్రీ-ఓపెన్, అంటే అసలు ట్రేడింగుకు ముందు ఆర్డర్లు పోగేసే వేళ, తెరవగానే ఆర్డర్లు కుప్పపడతాయి. ఎక్కువ షేర్లు చేతులు మారగల ధర ఏదో చూసి, 540 అని తేలుస్తారు. మనవాడు తీరిగ్గా 9.16కి, ఎంతకైనా సరే కొనమనే మార్కెట్ ఆర్డరు కొట్టి 543కి కొంటాడు. వార్త ఖరీదు అప్పటికే అమ్మినవాడి జేబులో పడింది. పొద్దున 10కి వదిలిన దర్శనం టికెట్లకు పదకొండింటికి లాగినై, కోటా ఏమైందని అడిగినట్టు.

చిత్తూరు మామిడి రైతుకు ఇదంతా వివరించక్కర్లేదు. వ్యాపారి పూత చూసే తోట బేరమాడతాడు. కాపు మీది ఆశంతా ఆ బేరంలోనే ఉంటుంది. లాభం 20 శాతం పెరిగినా షేరు 6 శాతం పడిందంటే, 30 శాతం పెరుగుతుందని పూత చూసి కొన్నవాళ్లు ముందే ఉన్నారన్నమాట. అంగట్లో మాత్రం దీని పేరు ఆపరేటర్ల, అంటే ధరలు ఆడించేవాళ్ల, కుట్ర.

ఇక బోనస్ భక్తులు. ఒకటికి ఒకటి బోనసిస్తే, అంటే ఉన్న ప్రతి షేరుకూ ఇంకొకటి ఊరికే ఇస్తే, 500 షేరు ఎక్స్-డేట్ నాడు, అంటే కొత్తగా కొన్నవాడికి ఆ బోనస్ దక్కని మొదటి రోజున, 250 దగ్గర మొదలవుతుంది. లడ్డూను సగానికి చిదిమి, రెండు లడ్డూలొచ్చాయని గోవిందలు కొట్టడమే.

తెలిసిన సమాచారమంతా ధరలో ఉంటుందని 1970లో వ్యాసం రాసిన ఆర్థికవేత్త యూజీన్ ఫామాకు 2013లో ఆర్థికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. ధరలకు అప్పుడప్పుడూ పూనకమొస్తుందనే రాబర్ట్ షిల్లర్‌కూ అందులోనే వాటా. స్వీడన్ వాళ్లకే తేలని తగువు మన బెంచీ మీద రోజూ తేలిపోతోంది.

కాబట్టి వార్తలకూ సర్వదర్శనం టోకెన్లు పెట్టాలి. టీ తాగడం పూర్తయ్యేదాకా ధర కదలకూడదు. టోకెన్లు ఏ రోజు ఇస్తారో మాత్రం ముందుగా చెప్పొద్దు, అదీ ధరలోకి ఎక్కేస్తుంది.