ఆ ఏడు వస్తువులూ మా ఇంట్లోనే ఉన్నాయండీ

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. మొదట మా తోడల్లుడు పంపాడు. తర్వాత పదో తరగతి గ్రూపులో ఇద్దరు. నిన్న పాలకేంద్రం గ్రూపులో కూడా దిగింది. "ఈ 7 వస్తువులు ఇంకా మీ ఇంట్లో ఉన్నాయా? అయితే మీరు ఇరవై ఏళ్లు వెనకబడినట్టే! వెంటనే వదిలించుకోండి" అని మొదలు. బటన్ ఫోను, రేడియో, బోరింగు పంపు, సైకిలు, లాంతరు, రోలు, గోడ క్యాలెండరు. ఒక్కోదానికీ ఒక్కో కారణం. రాసిన మహానుభావుడి పేరు మాత్రం లేదు. మాది కోనసీమలో కాలవ గట్టు పక్క ఊరు, ఏడూ మా ఇంట్లో ఉన్నాయి. జవాబు చెప్పుకోక తప్పేట్టు లేదు.

సైకిలు వల్ల "సమయం వృథా" అట. మా చేలోకి వెళ్ళే గట్టు మూరెడు వెడల్పు. దాని మీద కారు తోలి చూపిస్తే దండేసి ఊరేగిస్తాం.

రోలు "స్థలం తినేస్తుంది". మా ఇంట్లోనూ రోజూ పచ్చడి మిక్సీలోనే. కానీ రోలు బయట పారెయ్యాలంటే నలుగురు మోయాలి, ఆ నలుగురికీ భోజనం పెట్టాలి. ఉన్నచోటే ఉండనీండి.

బటన్ ఫోనుతో డబ్బు పంపలేం కాబట్టి దండగ అన్నాడు. ఇంటర్నెట్ లేని ఫోన్ల కోసమే యూపీఐ 123పే 2022 మార్చిలోనే వచ్చింది. నంబరుకి ఫోన్ చేసి, అడిగినవి నొక్కి, పిన్ కొడితే డబ్బు వెళ్తుంది. మా అమ్మ అది వాడదు, వేరే సంగతి. ఆవిడకి నోటు చేతిలో పెడితేనే ఇచ్చినట్టు.

ఆ ఏడాదే జూలైలో గోదావరి పొంగింది. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగుల మూడో ప్రమాద హెచ్చరిక దాటి, పాతిక లక్షల క్యూసెక్కుల పైచిలుకు సముద్రంలోకి పోయింది. మా మేనత్త కొడుకు కుటుంబం గోదావరి మధ్య లంకలో ఉండిపోయింది. కరెంటు లేదు, అదృష్టం కొద్దీ టవరు పలుకుతోంది. బావ నీటి అంచున కర్ర పాతి, గీతలు పెట్టి, గంటకోసారి టార్చి వేసి చూసొచ్చేవాడు. "బెత్తెడు పెరిగిందిరా." ఇంకో గంటకి, "నిలబడిందిరా." నాలుగు రోజులూ ఆ కబురు చెప్పింది ఒక్క ఛార్జింగు మీద నడిచిన బటన్ ఫోనే.

ఇప్పుడు రేడియో. "తుఫాను హెచ్చరికలన్నీ యాప్‌లో వస్తున్నాయి, రేడియో తుక్కుకి వేసేయండి" అని రాశాడు. ఇక్కడ నాకు ఒళ్ళు మండింది. మిగతావి నవ్వుకుని వదిలెయ్యొచ్చు, ఇది ప్రాణాల మీదికి తెచ్చే సలహా.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మా ఊళ్ళో సాయంత్రమే కరెంటు పోయింది. కరెంటు పోయాక టవరు బ్యాటరీల మీద కొన్ని గంటలు బతుకుతుంది. తర్వాత జనరేటరు కావాలి, దానికి డీజిలు, ఆ డీజిలు తెచ్చే మనిషి, ఆ మనిషి వచ్చే రోడ్డుకి అడ్డంగా కొబ్బరిచెట్టు పడకుండా ఉండడం. ఇవన్నీ కుదిరితే యాప్ మోగుతుంది. మాకు కుదరలేదు. అర్ధరాత్రి దాటాక నా ఫోన్లో సిగ్నల్ సున్నా, ఛార్జింగు పన్నెండు శాతం. పద్దెనిమిది వేలు పెట్టి కొన్న టార్చిలైటు అన్నమాట.

అమ్మ గూట్లోంచి రేడియో దించింది. సెల్లులు చీరచెంగుకి రుద్ది వేసి, చెవి దగ్గర పెట్టుకుని చక్రం తిప్పింది. గరగరలో విజయవాడ పట్టింది. తుఫాను ఎటు పోతోందో తెలిసింది అప్పుడే. గాలి ఆగితే అయిపోయినట్టు కాదు, తుఫాను నడిమధ్య గాలి లేని చోటు, అదే కన్ను, దాటాక ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది. 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రసారం చేసేది ఎక్కడో విజయవాడలోనో విశాఖలోనో. ఒకటి మూగబోతే ఇంకోటి. మధ్యలో మా ఊరి టవరు బాగోగులతో దానికి పనిలేదు. ఓడలరేవులోనో అంతర్వేదిలోనో వలవాళ్ళని అడగండి, ఒడ్డు కనుమరుగయ్యాక ఫోను ఎంతసేపు పలుకుతుందో.

అయితే ఒక మాట దాచలేను. 1996లో మా వీధిలో ఇంటింటా రేడియో ఉంది. అయినా ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. రేడియో చెప్పాలంటే ముందు ఎవరికో కబురు తెలియాలి కదా. ఇవాళ ఉపగ్రహాలు, తుఫాను కదలికని పట్టే మచిలీపట్నం, విశాఖ డాప్లర్ రాడార్లు ఉన్నాయి కాబట్టి రోజుల ముందే తెలుస్తోంది. మొంథాకి ముందు పశువుల్ని మెరక మీదికి తోలుకున్నది నా ఫోన్లో వచ్చిన హెచ్చరిక చూసే. రేడియో విని కాదు.

బోరింగు నీళ్ళు విషమట, ఆర్వో పెట్టించుకోవాలట. ఆర్వో కరెంటు మీద నడుస్తుందని ఆయనకి తోచలేదు పాపం. డెల్టాలో నీరు పైపైనే ఉంటుంది. చెంబుడు నీళ్ళు పోసి నాలుగు కొడితే తోలు వాషరు నాని బిగుస్తుంది, నీళ్ళొస్తాయి. వాషరు అరిగితే మా ఊరి సైకిలు షాపు కుర్రాడే మారుస్తాడు. వరదలో మునిగిన బోరింగయితే మాత్రం క్లోరిన్ వెయ్యకుండా తాగకండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పునీళ్ళే వస్తాయి, అది బోరింగు తప్పు కాదు.

లాంతరు దగ్గర నేను ఓడిపోయాను. హరికేన్ లాంతరని పేరులో తుఫాను పెట్టుకుంది గానీ, మొంథా రాత్రి రెండుసార్లు ఆరిపోయింది. చిమ్నీ మసి, గదంతా పొగ, కిరసనాయిలు దొరికి చావదు. మొన్న ఎల్ఈడీ దీపం ఒకటి కొన్నాం. లాంతరు కావాలంటే తీసుకెళ్ళండి.

ఏడోది గోడ క్యాలెండరు. గ్యాస్ బండ మార్చిన రోజు, పాలలెక్క, మా తోడల్లుడు పోయిన సంక్రాంతికి తీసుకున్న ఐదు వేలు, అన్నీ దాని మీదే ఉన్నాయి. అది ఎందుకు పారేయమంటున్నాడో నాకు అర్థమైంది.