డిష్ లేకుండా కంప్యూటర్‌లో టీవీ: ఆ మెసేజ్ ఇక పంపకండి

"ఫ్రీ డిష్ ఇప్పుడు మీ కంప్యూటర్‌లో! డిష్ అక్కర్లేదు, చిన్న యూఎస్‌బీ ముక్క చాలు. పే ఛానెళ్లతో సహా 1500 ఛానెళ్లు. నెలనెలా బిల్లు లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. వానొచ్చినా సిగ్నల్ పోదు. యాంటీవైరస్ ఆపేసి కింది లింకులోని సాఫ్ట్‌వేర్ వేసుకోండి, ఆధార్‌తో రిజిస్టర్ అవ్వండి. పది మందికి పంపండి."

ఇది మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చుట్టాల గ్రూపులో వచ్చింది, నిన్న ఆఫీసు గ్రూపులోనూ వచ్చింది. వచ్చిన ప్రతిచోటా "నీకు ఇవన్నీ తెలుసు కదా, ఒకసారి చూసి చెప్పు" అంటున్నారు. చూశాను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా.

డిష్ అక్కర్లేదట. ఫ్రీ డిష్ అంటే దూరదర్శన్ వాళ్లు డిష్ ద్వారా ఇచ్చే ఉచిత టీవీ సర్వీసు. దాని ఛానెళ్లను పంపే ఉపగ్రహం, 2015లో ఎగిరిన జీశాట్-15, ఉన్నది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో. గుంటూరులో మేడెక్కి చూస్తే ఆగ్నేయంగా, పొన్నూరుకూ రేపల్లెకూ మధ్య దిక్కున, సుమారు 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంత దూరం నుంచి వచ్చిన సిగ్నల్‌ను రెండడుగుల డిష్ ఒకచోటికి పోగుచేస్తే గానీ ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు బిగించే, సిగ్నల్ అందుకునే ముక్క) సరిపడా అందదు. మరి స్లాబు కింద, టేబుల్ మీద ఉన్న ముక్కకు ఎలా అందుతుంది? పక్క బిల్డింగు అడ్డమని డిష్ పెట్టడానికి వెనకాడేవాళ్లకు మాత్రం ఒక మంచి మాట. ఉపగ్రహం అంత ఎత్తులో ఉంది కాబట్టి, డిష్ కంటే పదడుగులు ఎత్తున్న గోడకైనా ఐదడుగులు ఇవతల పెడితే చాలు.

ఇక ఆ యూఎస్‌బీ ముక్క. ఫొటోలో ఉన్నది ఆర్‌టీఎల్ 2832 చిప్పుది. ఎఫ్‌ఎం రేడియో వినడానికి, విమానాలు పంపే సిగ్నళ్లు పట్టడానికి చక్కగా పనికొస్తుంది. కానీ అది ఒకసారికి పట్టేది మహా అయితే 3 మెగాహెర్ట్జ్ వెడల్పు. ఫ్రీ డిష్‌లో కొన్ని ఛానెళ్లు వచ్చే 11090 వర్టికల్ ఫ్రీక్వెన్సీనే తీసుకోండి, సింబల్ రేటు (సెకనుకు పంపే సంకేతాల లెక్క, వేలల్లో) 29500. అంటే వెడల్పు 30 మెగాహెర్ట్జ్ పైమాటే. పైగా ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు ఇవ్వాలి, యూఎస్‌బీలో వచ్చేది 5. డిష్ సిగ్నల్‌ను కంప్యూటర్‌కు అందించే అసలైన డీవీబీ-ఎస్2 యూఎస్‌బీ ట్యూనర్లకు వేరే అడాప్టర్ ఇచ్చేది ఇందుకే.

పే ఛానెళ్లు రావు. తాళం కోడ్ కొన్ని సెకన్లకోసారి మారిపోతుంటే ఏ ఫైలూ దాన్ని జీవితాంతం తెరవలేదు. పెద్ద వానకు ఫ్రీ డిష్ వాడే కేయూ బ్యాండ్ సిగ్నల్ పోతుంది. ఈ రెండింటికీ ఇంతకంటే మాటలు అనవసరం.

ఇంతవరకూ నమ్మితే పోయేది ఆ ముక్క డబ్బులే. ఆధార్, యాంటీవైరస్ సంగతి అలాంటిది కాదు. లింకు నొక్కితే పైన దూరదర్శన్ బొమ్మ, కింద పేరు, ఫోను, ఆధార్ నంబర్లకు గళ్లు, తర్వాతి పేజీలో "వెరిఫికేషన్ కోసం ఓటీపీ". 2004లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన నాటి నుంచీ ఫ్రీ డిష్ నెలవారీ చందా లేని సర్వీసు. సిగ్నల్ పై నుంచి కిందికే వస్తుంది, ఎవరి డాబా మీద ఎవరు పడుతున్నారో ఉపగ్రహానికి తెలియనే తెలియదు. రిజిస్ట్రేషన్ ఎవరికోసం? ఓటీపీ దేనికి? కంప్యూటర్‌లో టీవీ చూడటానికి వాడే వీఎల్‌సీ, టీవీహెడెండ్, కాఫీన్ సాఫ్ట్‌వేర్‌లు అన్నీ ఉచితమే, వాటి సొంత సైట్లలోనే దొరుకుతాయి. యాంటీవైరస్ ఆపమని వాటిలో ఏదీ అడగదు. కాపలావాణ్ణి పంపించేసి తలుపు తీసిపెట్టమని అడిగేవాడు టీవీ చూపించడానికి వస్తున్నాడా? అదే కంప్యూటర్‌లో మీ నెట్ బ్యాంకింగ్ ఉంది, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్‌లు ఉన్నాయి. రిటైరైన పెద్దవాళ్లు ఇది నమ్మి పెన్షన్ ఖాతా పోగొట్టుకుంటే, ఫార్వర్డ్ చేసిన మనం ఏ మొహం పెట్టుకుని పలకరిస్తాం?

ఇప్పటికే వేసుకున్నవాళ్లు ముందు నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి, ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి. డబ్బు కదిలితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి దాచొద్దు.

అయితే ఆ మెసేజ్‌లో రెండు మాటలు అక్షరాలా నిజం. నెలనెలా బిల్లు లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. డిష్, డీవీబీ-ఎస్2 కార్డు ఉంటే కంప్యూటర్‌లో ఫ్రీ డిష్ హాయిగా చూడొచ్చు. ఉపగ్రహం పంపిన స్ట్రీమ్ యథాతథంగా రికార్డవుతుంది కాబట్టి బొమ్మ నాణ్యత కొంచెం కూడా తగ్గదు. టీవీహెడెండ్ పెట్టుకుంటే ఇంట్లో ప్రతి ఫోన్‌కూ అదే ఛానెల్ ఇవ్వొచ్చు. నాకు ఈ పద్ధతంటే ప్రాణం, అయినా ఒకటి ఒప్పుకోవాలి. రికార్డింగ్ అవసరం లేని ఇంటికి మామూలు ఫ్రీ డిష్ బాక్సే నయం. మంచి కార్డు ధర దానికంటే ఎక్కువే. పైగా ఛానెళ్లలో ఎక్కువ హిందీవే. డీడీ సప్తగిరి, యాదగిరి వస్తాయి గానీ, సీరియళ్లు వచ్చే పెద్ద తెలుగు ఛానెళ్లలో చాలావరకు పే ఛానెళ్లే. అత్తయ్యలకు ఆ మాట ముందే చెప్పండి.

కంప్యూటర్‌లోనే కావాలనుకునేవాళ్లు ముందు డిష్ బిగించి, తెలిసినవాళ్ల బాక్సు తెచ్చి సిగ్నల్ క్వాలిటీ చూసుకోండి. అది నిలకడగా ఉన్నాకే కార్డు కొనండి. ఆ మెసేజ్‌ను మాత్రం పంపిన ప్రతి గ్రూపులోనూ ఈ రాత్రికే డిలీట్ చేయండి. డిలీట్ కాకపోతే దాని కిందే "నమ్మకండి" అని రాయండి.