సవరణ: మల్లెపూదండ పాట ఎవరిదంటే

మొన్న ఇంట్లో ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టిన 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' కింద, రాసింది దేవులపల్లి కృష్ణశాస్త్రి గారని పెట్టేశాను, తప్పు నాదే. రాసింది శంకరంబాడి సుందరాచారి గారు, తిరుపతి ఆయన. కృష్ణశాస్త్రి గారిది 'జయ జయ ప్రియ భారత', స్కూల్లో రెండూ ప్రేయర్‌లో పాడేవాళ్లం కదా, నా బుర్రలో కలిసిపోయాయి. మా పెద్దనాన్న పాత పాటల పుస్తకం తీసి చూపించాక తెలిసింది, 1942లో 'దీనబంధు' సినిమా కోసం రాస్తే వాళ్లు వాడుకోలేదంట (ఎంత పని చేశారో!), తర్వాత టంగుటూరి సూర్యకుమారి గారు పాడిన రికార్డుతోనే జనంలోకి వెళ్లింది. ఇంకోటి, గొంతు బాగుందని నన్ను మెచ్చుకున్నారు కొందరు, ఆ గొంతు మా చెల్లిది, నాది హార్మోనియం మాత్రమే, అదీ రెండో చరణంలో ఒకచోట తప్పింది. క్యాప్షన్ మార్చేశా.